బడి మైదానాల తాళాలు తీయించండి

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉంటాను. మా డాబా మీద నిలబడితే పక్క వీధిలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాల టెన్నిస్ కోర్టు కనిపిస్తుంది. తెల్ల గీతలు ఇంకా చెరిగిపోలేదు, సిమెంటు పగుళ్లలో మాత్రం గడ్డి మొలిచింది. సాయంత్రం బడి వదలగానే గేటుకు తాళం పడుతుంది. ఆదివారాలు, దసరా సెలవులు, వేసవి అంతా తాళమే.

పదకొండేళ్ల మా అమ్మాయి ఆ గేటు ఇవతల, వీధిలో, మా ప్రహరీ గోడకు బంతి కొట్టుకుంటుంది. బండి వచ్చినప్పుడల్లా పక్కకు జరిగి నిలబడుతుంది. బంతి మురుగు కాలువలో పడితే కడిగి కిటికీలో ఆరబెడుతుంది. అలా కడిగి కడిగి నూగు ఊడిపోయిన బంతులు ఇంట్లో ఒక బుట్టెడు ఉన్నాయి. నెట్ ఎత్తు చూసుకోవడం కూడా నేర్చుకుంది: ఒక రాకెట్‌ను నిలువుగా పెట్టి, దాని మీద మరో రాకెట్ తలను అడ్డంగా ఆనిస్తే మధ్యలో ఉండాల్సిన 3 అడుగులు సరిపోతాయి. కానీ కొలుద్దామంటే నెట్ ఎక్కడుంది? బడి సామాన్ల గదిలో చుట్టి పెట్టారు.

ప్రధానోపాధ్యాయురాలిని కలిశాను. ఆమె మంచి మనిషి. "పిల్లలు ఆడుకుంటే నాకు సంతోషమే అమ్మా. కానీ ఎవరికైనా కాలు విరిగినా, తరగతి గదిలో ఫ్యాను పోయినా సంజాయిషీ రాయాల్సింది నేనే కదా" అన్నారు. ఆమెను నేను తప్పుపట్టను. ఆ తాళం ఆమె మొండితనం వల్ల పడలేదు, బాధ్యత ఎవరిదో కాగితం మీద లేకపోవడం వల్ల పడింది. ఆ కాగితం ఇవ్వగలిగేది మీరే.

బడి వేళలు దాటాక ఖాళీగా ఉండే వసతులను స్థానికుల కోసం వాడుకోవచ్చని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతోంది. న్యూయార్క్ నగరం 2007లోనే బడి ఆవరణలను సాయంత్రాలు, సెలవు రోజుల్లో ఆటస్థలాలుగా తెరిచే పని మొదలుపెట్టింది. స్థలం కొనక్కర్లేదు, కోర్టు కట్టక్కర్లేదు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు గేటు తీసి ఉంచడానికి ఒక కాపలాదారు, తరగతి గదుల వైపు ఒక కంచె, ఆట వేళల బాధ్యత ప్రధానోపాధ్యాయుల మీద కాకుండా జీహెచ్ఎంసీ క్రీడా విభాగం మీద ఉంటుందని స్పష్టంగా చెప్పే ఉత్తర్వు కావాలి. అందులో ఆడపిల్లలకు విడిగా వేళ కేటాయించండి. పెద్ద అబ్బాయిలు కోర్టు పట్టుకుంటే చిన్నపిల్లలు అడగలేక వెనక్కి వచ్చేస్తారు, నేను చూశాను.

2005లో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచినప్పుడు మేం కాలేజీ హాస్టల్లో టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టాం. మాలో ఒక్కరికీ రాకెట్ పట్టే అవకాశం రాలేదు. ఇప్పటికీ క్లబ్బు సభ్యత్వమో, అకాడమీ ఫీజో కట్టగలిగిన ఇళ్ల పిల్లలకే ఈ ఆట అందుతోంది. మా వీధిలో ఆటో నడిపే వారి అబ్బాయి మా అమ్మాయి పాత రాకెట్‌తో వంతులవారీగా ఆడతాడు. వాడి సర్వీసు చూస్తే మీకే ముచ్చటేస్తుంది.

వచ్చే వేసవి సెలవులు మొదలయ్యేలోగా ఆ ఉత్తర్వు ఇప్పించవలసిందిగా వేడుకుంటున్నాను.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక తల్లి