చర్చి తగాదాలు: వాట్సాప్ కంటే ముందు

సంపాదకులకు,

మన కడప జిల్లాలో చర్చి తగాదాలు ఎక్కువగా బైబిలు వాక్యం దగ్గర పుట్టవు. కానుకల లెక్క దగ్గరో, కమిటీ ఎన్నిక దగ్గరో పుడతాయి. తగాదా తీర్చుకునే వరుస మత్తయి సువార్త 18వ అధ్యాయంలో స్పష్టం: మొదట ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరు సాక్షులతో, ఆ తరువాతే సంఘం ముందుకు. మనవాళ్లు మూడో మెట్టుతోనే మొదలుపెడతారు, అదీ వాట్సాప్ గ్రూపులో! స్క్రీన్‌షాట్లు ఊరంతా తిరిగాక వెనక్కి తగ్గడం ఎవరికైనా కష్టమే.

ఆరాధన ముగియగానే వేర్వేరు కుటుంబాలకు చెందిన ఇద్దరు కానుకలు లెక్కించి, అక్కడే సంతకాలు చేసి, సోమవారం బ్యాంకులో వేయాలి. నెలకోసారి జమాఖర్చులు నోటీసు బోర్డుకు అతికిస్తే సగం అనుమానాలు పోతాయి. ఎన్నికకు రహస్య ఓటే మేలు. చేతులెత్తమంటే బంధువుల ముఖం చూసి ఎత్తుతారు. రెండు ఓట్ల తేడాతో తీర్మానం నెగ్గించుకుంటే ఓడినవాళ్లు పక్కవీధిలో షామియానా వేసి వేరు ఆరాధన పెట్టుకుంటారు. అలాంటి తీర్మానాన్ని నెల వాయిదా వేయండి.

ఓపికకు ఒక ఉదాహరణ: దక్షిణాది ప్రొటెస్టెంట్ సంఘాలను ఏకం చేసేందుకు 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో మొదలైన సంప్రదింపులు 1947లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)గా ఫలించాయి. ఏ సంఘం మీదా దానికి అలవాటు లేని ఆరాధనా పద్ధతిని రుద్దబోమన్న హామీ అందులో కీలకం. నంద్యాల ఆంగ్లికన్లు (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయం వారు) అప్పుడు చేరలేదు, తరువాత చేరారు.

సొసైటీగా రిజిస్టరైన సంఘాలకు 2001 నాటి రాష్ట్ర సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ మధ్యవర్తిత్వానికి వీలిస్తుంది. జిల్లా కోర్టు దారీ ఉంది కానీ, తీర్పు వచ్చేలోగా మందిరానికి తాళం పడొచ్చు. మధ్యవర్తిగా పక్క ఊరి పాస్టరును పిలవండి, రాజకీయ నాయకుణ్ణి కాదు.

– ఒక సంఘ సభ్యుడు, ప్రొద్దుటూరు