ఫిర్యాదు చేసిన ఆమె ఇప్పుడెక్కడుంది?

సంపాదకులకు నమస్కారం.

లైంగిక వేధింపులపై ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని పరిష్కరించారు, 90 రోజులు దాటినా తేలనివి ఎన్ని? ఈ మూడు లెక్కలూ కంపెనీలు తమ బోర్డు నివేదికలో చూపాలని కేంద్రం 2025 జులై నుంచి నిబంధన అమల్లోకి తెచ్చింది. మంచి పనే. అంతకుముందు చాలా కంపెనీలు ‘ఇలాంటి ఫిర్యాదుల విచారణకు మా దగ్గర అంతర్గత కమిటీ ఉంది’ అని ఓ వాక్యం రాసి చేతులు దులుపుకొనేవి. కానీ అసలైన నాలుగో లెక్కను ఎవరూ అడగడం లేదు. ఫిర్యాదు చేసిన మహిళల్లో ఎంతమంది ఇంకా ఆ ఉద్యోగంలో ఉన్నారు?

ఎందుకు అడుగుతున్నానంటే, హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఒక బ్యాక్ ఆఫీసులో మా టీం అమ్మాయి మేనేజరు మీద ఫిర్యాదు ఇచ్చింది. కమిటీ కూర్చుంది, ఇద్దరినీ పిలిచింది, ఆయన తప్పు చేశాడని తేల్చి హెచ్చరిక లేఖ ఇప్పించింది. అక్కడితో కేసు మూసేశారు. ఆమెకు కష్టాలు మొదలైంది ఆ తర్వాతే. టీంకు కొత్త వాట్సాప్ గ్రూపు పెట్టారు, అందులో ఆమె నంబరు లేదు. మీటింగ్ టైం మారిన సంగతి తెలియక ఆలస్యంగా వస్తే ‘సమయపాలన లేదు’ అని మెయిలు, కాపీ పైవాళ్లకు. షిఫ్టు రాత్రికి మారింది. క్యాబ్ రూటులో ఆమెది చివరి డ్రాప్. అప్రైజల్‌లో ‘టీంతో కలిసిపోలేకపోతున్నారు’ అని రాశారు. విడివిడిగా చూస్తే ఒక్కటీ కోర్టుకెక్కేంత పెద్దది కాదు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. చివరికి రాజీనామా ఇచ్చింది. కారణం గడిలో ‘పర్సనల్ రీజన్స్’ అని హెచ్‌ఆర్ వాళ్లే రాయించారు. రిలీవింగ్ లెటర్ లేకపోతే ఇంకోచోట ఉద్యోగం రాదు, రాయక ఏం చేస్తుంది? ఇప్పటి నిబంధన అప్పుడే ఉండి ఉంటే ఆ కంపెనీ నివేదిక ఇలా ఉండేది: వచ్చినవి ఒకటి, పరిష్కరించినవి ఒకటి, పెండింగ్ సున్నా.

1997లో ‘విశాఖ’ (ఊరు కాదు, రాజస్థాన్‌లోని ఓ సంస్థ పేరు) కేసులో సుప్రీంకోర్టు పనిచేసే చోట లైంగిక వేధింపులపై ఇచ్చిన మార్గదర్శకాల్లో, బాధితురాలిపై గానీ సాక్షులపై గానీ కక్షసాధింపు, వివక్ష లేకుండా చూడాలని స్పష్టంగా ఉంది. 2013లో పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి చట్టం వచ్చేసరికి ఆ మాటకు సొంత సెక్షన్ దక్కలేదు. ‘ఒప్పుకోకపోతే నీ ఉద్యోగం ఉండదు’ అనే తరహా బెదిరింపును వేధింపులో భాగంగా చట్టం గుర్తించింది, నిజమే. విచారణ నడుస్తున్నప్పుడు ఆమె రాతపూర్వకంగా కోరితే ఇద్దరిలో ఒకరిని వేరేచోటికి మార్చమని, ఆమెకు మూడు నెలల వరకు సెలవు ఇవ్వమని, ఆమె పనితీరు నివేదికను అతను రాయకుండా చూడమని కమిటీ సిఫార్సు చేయవచ్చు. అయితే ఇవన్నీ విచారణ ముగిసేదాకే. కమిటీ వేయకపోతే 50 వేల రూపాయల వరకు జరిమానా ఉంది. కమిటీ తేల్చి వెళ్లిపోయాక ఆమెను సతాయిస్తే ఏమిటన్నది మాత్రం విడిగా ఎక్కడా లేదు. సాక్ష్యం చెప్పిన సహోద్యోగి పరిస్థితి మరీ అన్యాయం.

కోర్టుకు వెళ్తే న్యాయం జరగదని అనను. ఇందౌర్‌లో పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు చీఫ్ మేనేజరు ఒకరు శాఖలోని అక్రమాల గురించి పైకి రాశారు. పై అధికారిపై లైంగిక వేధింపుల ఫిర్యాదూ చేశారు. స్కేల్-4 అధికారి అయిన ఆమెను జబల్‌పూర్ జిల్లాలో స్కేల్-1 అధికారి, అంటే మూడు మెట్లు కింది హోదా వాళ్లు, చూసుకునే శాఖకు పంపారు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇది కక్షసాధింపేనని తేల్చి, ఆమెను ఇందౌర్‌కు తిరిగి పంపమని, ఖర్చుల కింద 50 వేలు ఇవ్వమని ఆదేశించింది. బదిలీ జరిగింది 2017 డిసెంబరులో. బ్యాంకు అధికారి కాబట్టి రెండేళ్లకు పైగా నిలబడగలిగారు. కాంట్రాక్టు మీద హౌస్‌కీపింగ్ చేసే ఆమె, కోఠిలో బట్టల షాపులో రోజంతా నిలబడి చీరలు చూపే అమ్మాయి రెండు నెలలైనా నిలబడగలరా? పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లొచ్చన్న సంగతే వాళ్లకు చెప్పేవారు లేరు.

చెప్పేవారు ఉన్నా, చెప్పేది ఒకటే మాట: ‘రుజువు చేయలేకపోతే నీ మీదే యాక్షన్ ఉంటుంది, ఆలోచించుకో అమ్మా’. ఇది శుద్ధ అబద్ధం. రుజువు చేయలేకపోయినంత మాత్రాన తప్పుడు ఫిర్యాదు అనకూడదని చట్టంలోనే ఉంది.

నాలుగో లెక్క అడిగితే కంపెనీలు ఏమంటాయో ఊహించగలను. జనం సవాలక్ష కారణాలతో మానేస్తారు, హైదరాబాద్‌లో రెండేళ్లు ఒకచోట ఉండేవాళ్లెవరండీ అంటారు. సరే, సంస్థ మొత్తంలో వందకు ఎంతమంది మానేశారో, ఫిర్యాదు చేసినవాళ్లు, సాక్షులు ఎంతమంది మానేశారో పక్కపక్కన రాయమనండి, చూస్తాం. పేర్లు అక్కర్లేదు, గోప్యత ఎలాగూ చట్టమే. ఫిర్యాదుదారును, సాక్షిని రెండేళ్లలోపు బదిలీ చేసినా, రేటింగ్ తగ్గించినా, వాళ్లే రాజీనామా ఇచ్చినా కమిటీలో ఉండే, కంపెనీకి చెందని బయటి సభ్యురాలు వాళ్లతో విడిగా మాట్లాడి సంతకం పెట్టాలనే నియమం కూడా ఉండాలి. హెచ్‌ఆర్ గదిలో చెప్పలేనిది ఆవిడకు చెప్పగలరు.

దీనికి పార్లమెంటు దాకా ఆగనక్కర్లేదు. వేధింపులకు సంబంధించిన సమాచారం రాతపూర్వకంగా ఇవ్వమని ఏ యజమానినైనా అడిగే అధికారం ఇదే చట్టం 25వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ప్రైవేటు సంస్థల విషయంలో ఆ ప్రభుత్వం రాష్ట్రానిదే. హైదరాబాద్ నుంచి ఒకటి, అమరావతి నుంచి ఒకటి సర్క్యులర్ వస్తే చాలు.

- ఒక ఉద్యోగిని, మియాపూర్, హైదరాబాద్
(పేరు ప్రచురించవద్దని మనవి)