బోణీ మీదేనమ్మా అన్న ఆ అమ్మాయికి

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం రిపోర్టు చేతికొచ్చింది. టీఎస్‌హెచ్ 9.1. ఒంట్లో థైరాయిడ్ తక్కువైన కొద్దీ పెరిగే రక్త పరీక్ష అంకె ఇది. ఏప్రిల్ ఆఖర్లో ఇదే 62.4 ఉండేది. ఇంకా తగ్గాలి, ఆరు వారాలాగి మళ్ళీ చూద్దామన్నారు డాక్టరు గారు. రాత్రి చాలా రోజుల తర్వాత ఒళ్ళెరగకుండా నిద్రపోయాను. పొద్దున లేవగానే ఈ నాలుగు ముక్కలూ రాయాలనిపించింది. ఓపిక ఇంకా పూర్తిగా రాలేదు, ఎక్కడైనా తప్పులు దొర్లితే మన్నించండి.

మావారు సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు పోయారు. మీలో చాలామందికి తెలుసు. హైస్కూల్లో లెక్కల మాస్టారు, ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. రాత్రి గుండెల్లో మంటగా ఉందన్నారు, తెల్లారేసరికి లేరు. కోటిలింగాల రేవు దాకా వాళ్ళ స్కూలు పిల్లలు నడిచి వచ్చారు.

నాకు పదకొండేళ్ళుగా థైరాయిడ్ తక్కువ. 75 మైక్రోగ్రాముల మాత్ర, రోజుకి ఒకటి. ఈ పదకొండేళ్ళలో ఆ సీసా మూత నేను తిప్పిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయన అయిదున్నరకి లేచి రాగి చెంబుతో నీళ్ళు తెచ్చి మంచం పక్కన పెట్టేవారు. ఆ చెంబు మూత మీద తెల్లటి చిన్న మాత్ర. నేను కళ్ళు తెరిచేసరికి అది అక్కడ ఉండేది. మింగాక గంటసేపు కాఫీ డబ్బా ముట్టుకోనిచ్చేవారు కాదు. మోకాళ్ళకి వేసుకునే కాల్షియం బిళ్ళ దీనికి నాలుగు గంటలు ఎడంగా ఉండాలని, దాన్ని మధ్యాహ్నం భోజనమయ్యాకే ఇచ్చేవారు. నాకు ఈ లెక్కలేవీ తెలియవు. తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

ఆయన పోయాక ఇల్లంతా చుట్టాలు. లేవకుండానే ఎవరో ఒకరు కాఫీ గ్లాసు చేతిలో పెట్టేవారు. మాత్ర ఒకరోజు కాఫీతో మింగాను, రెండు రోజులు మర్చిపోయాను. పదో రోజు జరగాల్సినవన్నీ జరిగాయి, అందులోకి ఇప్పుడు వెళ్ళను. అందరూ వెళ్ళిపోయాక ఆ సీసా ఆయన బల్ల సొరుగులో ఉండిపోయింది. ఆ సొరుగు తీస్తే ముందు ఆయన కళ్ళజోడు కనబడుతుంది. అందుకని తీయలేదు. మాత్ర మానేద్దామని నేను అనుకోలేదండీ. సొరుగు తీయలేదు, అంతే.

మొదటి వారం ఏమీ తెలియలేదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుందని డాక్టరు గారు తర్వాత చెప్పారు. ఫిబ్రవరిలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా రావడం మొదలైంది. మార్చికి గొంతు బొంగురుపోయింది. ఏప్రిల్లో రాజమండ్రి ఎండలు మీకు చెప్పాలా, అలాంటి ఎండల్లో నేను ఫ్యాను ఆపేసి దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. మొహం ఉబ్బింది. పాల మీద దృష్టి నిలవదు, పొంగిపోయేవి. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు నోటిదాకా రావడానికే చాలాసేపు పట్టేది. చూసినవాళ్ళంతా ఒకటే మాట. "పాపం, మాస్టారి దిగులు." నేనూ అదే అనుకున్నాను. మొగుణ్ణి పోగొట్టుకున్నది నీరసంగా ఉంటే అందులో వింతేముంది? దిగులుకీ థైరాయిడ్‌కీ ఇంత పోలిక ఉంటుందని ఎవరు చెబుతారు?

చెప్పాల్సిన వాళ్ళు చెప్పలేదు. ఇది రాయకుండా ఉండలేను. మార్చిలో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాను. చికిత్స కార్డు ఆయన పేరు మీద ఉంది, ఇక చెల్లదన్నారు. నా పేరు మీద కార్డు కావాలంటే పెన్షన్ ఆర్డరు రావాలట. పెన్షన్ ఫైలు కదలాలంటే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలి. అందులో నా పేరుకి, ఆధార్‌లో పేరుకి ఒక్క అక్షరం తేడా. సోమవారం రండి, గురువారం రండి అంటూ అదే కాగితం మూడుసార్లు తెప్పించుకున్నారు. మెట్లెక్కితే కాళ్ళు బరువెక్కి మధ్యలో కూర్చుండిపోయే మనిషిని నేను. సరే, డబ్బులు కట్టి చూపించుకుంటే ఆ డాక్టరు నా మొహం వంక చూసింది ఎంతసేపో! టెన్షన్ తగ్గించుకోండి అని నిద్రమాత్ర రాశారు. థైరాయిడ్ పరీక్ష చేయిస్తే నార్మల్ అని వచ్చింది. ఇంకే మందులు వాడుతున్నారని ఒక్కరూ అడగలేదు. రోజుకి రెండు రూపాయలు అటూ ఇటూగా పడే మాత్ర ఇది. అది మింగుతున్నావా అని అడగడానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి.

ఏప్రిల్ చివరి వారంలో మా తమ్ముడు పట్టుబట్టి మళ్ళీ పరీక్ష చేయించుకోమన్నాడు. పరగడుపున రమ్మన్నారని ఆరున్నరకల్లా మా వీధి చివర ల్యాబుకి వెళ్ళాను. ఇంకా షట్టరు తీయలేదు. అందరికంటే ముందు నేనే. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. షట్టరు తీసే వేళకి నేను వెనక్కి జరిగి గోడ వారన నిలబడ్డాను. ఎందుకో మన ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ మూడు నెలల్లో పొద్దున్నే ఎవరికీ ఎదురు రాకుండా ఉండటం నేర్చుకున్నాను. పాలబ్బాయికి కూడా కిటికీలోంచే గిన్నె అందించేదాన్ని. ఎవరూ నన్ను తిట్టలేదు. పక్కకి తప్పుకునేవారు, ఒక్క క్షణం ఆగి వెళ్ళేవారు, అంతే. ఆ ఒక్క క్షణం చాలు.

ల్యాబులో రక్తం తీసే అమ్మాయి పుస్తకం తెరిచి పేర్లు రాసుకుంటోంది. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. తలెత్తి "మీరు ముందొచ్చారు కదమ్మా?" అంది. "వాళ్ళని కానివ్వమ్మా, నాకు తొందర లేదు. పొద్దున్నే బోణీ నాతో ఎందుకు" అన్నాను. ఆ అమ్మాయి నా నుదుటి వంక చూసింది. పెన్ను కింద పెట్టి బల్ల దాటి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"బోణీ మీదేనమ్మా. రండి" అంది.

అంతమంది ముందు ఏడ్చేశాను. ఆయన పోయినప్పుడు కూడా నలుగురిలో అలా ఏడవలేదు. ఆ అమ్మాయి కంగారు పడలేదు, ఊరుకోమనీ అనలేదు. పుస్తకంలో ఒకటో నంబరు దగ్గర నా పేరు రాసి, లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, నా చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని "ఇంత చల్లగా ఉన్నారేంటమ్మా" అంది. ఏం మందులు వాడుతున్నారని అడిగింది. మొదటిసారి ఒకరు అడిగారు. జుట్టు రాలుతోందని మా ఆడపడుచు తెప్పించిన బయోటిన్ బిళ్ళలు రెండు నెలలుగా వాడుతున్నానని చెప్పాను. సిరంజి పక్కన పెట్టేసింది. "ఇది వాడుతుంటే మా మెషీన్లో థైరాయిడ్ తప్పుగా చూపించవచ్చమ్మా. ఇవాళ తీసి డబ్బులు కట్టించుకోవచ్చు, కానీ ఆ అంకె నమ్మలేం. ఆ బిళ్ళ ఆపేసి మూడు రోజుల తర్వాత రండి. నేనే ఫోన్ చేసి లేపుతాను, ఆ రోజూ బోణీ మీదే" అంది.

మార్చిలో నార్మల్ అని రావడానికి ఆ బిళ్ళే కారణమా అని తర్వాత డాక్టరు గారిని అడిగాను. కావచ్చు, ఇప్పుడు ఖాయంగా చెప్పలేం అన్నారు. దయచేసి జుట్టు బిళ్ళలు వాడేవాళ్ళు పరీక్షకి ముందు ఈ సంగతి చెప్పండి. నాకు ఎవరూ చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున అయిదూ నలభైకి ఫోన్ మోగింది. వెళ్ళి రక్తం ఇచ్చాను. 62.4 వచ్చింది. డాక్టరు గారు ఈసీజీ తీయించి, పూర్తి డోసు ఒకేసారి కాకుండా ముందు తక్కువతో మొదలుపెట్టి పెంచారు. కొలెస్ట్రాల్ కూడా పెరిగి ఉంది. దానికి విడిగా మందు ఇప్పుడే వద్దు, థైరాయిడ్ దారికొస్తే అదీ తగ్గవచ్చు, చూద్దామన్నారు. నింపాదిగా మాట్లాడారు, ఆయనకీ కృతజ్ఞతలు. ఈ మాత్ర నీరసానికే గానీ మాస్టారు లేని బాధకి కాదు, ఆ రెండిటినీ కలిపేసుకోవద్దు అని కూడా చెప్పారు.

మర్నాడు మళ్ళీ అయిదూ నలభైకి ఫోన్. ఒక్క రింగు, ఆగిపోయింది. నేను తిరిగి చేస్తే "మాత్ర వేసుకున్నారామ్మా? వేసుకుని నాకొక మిస్డ్ కాల్ ఇవ్వండి చాలు" అంది. గోదావరి అవతల నుంచి మొదటి బస్సులో డ్యూటీకి వస్తుంది. బస్సు కోసం నిలబడి ఆ ఫోన్ చేసేది. ఒక్కరోజు కాదండీ, ఆరు వారాలు. ఒకరోజు సొరుగు తీసి కళ్ళజోడు చూసి అలాగే కూర్చుండిపోయాను. తిరిగి రింగు ఇవ్వలేదు. పది నిమిషాలాగి తనే చేసింది. "అమ్మా, మూత తీశారా?" అంది. నా గొంతు విని అర్థమైంది. "ఏడవండమ్మా, ఏం పర్లేదు. మాత్ర వేసుకుని ఏడవండి" అంది. బస్సు వచ్చిన చప్పుడు వినబడుతోంది, అయినా పెట్టేయలేదు. నేను మింగి నీళ్ళు తాగేదాకా లైన్లోనే ఉంది. ఆ బస్సు తప్పిపోయి ఉంటుంది, నాకు చెప్పలేదు.

పొద్దున్నే నా మొహం చూడటానికి జనం జంకుతున్న రోజుల్లో ఈ పిల్ల తన రోజుని నాకు ఫోన్ చేయడంతో మొదలుపెట్టింది. ఎందుకు చేస్తున్నావమ్మా అని ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఆపేస్తుందేమోనని భయం. పేరు రాయొద్దంది, రాయను. తల్లీ, నువ్వు ఇది చదువుతావని తెలుసు. నీకు ఏమిచ్చి రుణం తీర్చుకోవాలో నాకు తెలియడం లేదు. నిన్న రిపోర్టు ఇస్తూ నాకంటే ముందు నువ్వు చూసి నవ్వావు చూడు, ఆ నవ్వు నాకు జ్ఞాపకం ఉంటుంది.

మా అబ్బాయి, కోడలు, తమ్ముడు, మరదలు చేసినవి చేస్తూనే ఉన్నారు. వాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. మాస్టారి స్నేహితులు ఇద్దరు నా తరఫున ఆఫీసులో కూర్చుని పేరులో ఆ అక్షరం సరిచేయించారు. ఫైలు ఇప్పుడు కదిలిందట, చూడాలి.

అయ్యో, మెడికల్ షాపు బాబుని మర్చిపోయాను. ఎండాకాలం కదా, సీసా కిటికీ దగ్గర పెట్టకండి, వేడి తగలకూడదు అని సీసా మీద రాసి ఇచ్చాడు. ఎదురింటి పిన్నిగారు నెల రోజులు ఏడింటికి ఇడ్లీ పంపారు, ఆరున్నరకి కాదు, మాత్ర టైము గుర్తుపెట్టుకుని. ఈసీజీ రోజున ఆటో అబ్బాయి బయట గంటన్నర ఆగి వెయిటింగ్ తీసుకోలేదు.

ఇంకొకరున్నారు. ల్యాబు పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గారు. మొదటి రోజు నేను ఏడుస్తుంటే ఆయన కుర్చీ తెచ్చి వేసి వెళ్ళిపోయారు. పేరు కూడా అడగలేదు. రేపు అటు వెళ్ళినప్పుడు అడుగుతాను.