మూడు వేళ్లు పట్టని నోళ్లు: మహారాష్ట్ర ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

మహారాష్ట్ర ప్రజారోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో జిల్లా పరిషత్ బడి టీచర్ని. ఈ ఉత్తరాన్ని మరాఠీలో మీ కార్యాలయానికి పోస్టు చేశాను. తెలుగులో ఇక్కడ పెట్టడానికి కారణం ఉంది. ప్రాణహిత ఒడ్డున మా ఊళ్లలో పిల్లలకు బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. నేను చెప్పబోయే జబ్బు ఉన్న ఇళ్లలో అమ్మానాన్నలు దీన్ని చదవాలి. చదవడం రాకపోతే ఎవరైనా చదివి వినిపించాలి.

వక్క, పొగాకు, సున్నం కలిపి రుద్దే ఖర్రా తిని నోళ్లు మూసుకుపోతున్నవాళ్ల గురించి రాస్తున్నాను.

మా తమ్ముడికి ముప్పై నాలుగేళ్లు. పదో తరగతిలో ఉండగా ఖర్రా మొదలుపెట్టాడు. కొన్నేళ్లకు అమ్మ పచ్చడి నూరినా, చారు పెట్టినా మంట మంట అంటూ కంచం పక్కకు తోసేవాడు. వేడి చేసిందనుకున్నాం. ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే నోటిపూత అని బీ కాంప్లెక్స్ మాత్రలు రాశారు. రెండేళ్లు అవే మింగాడు. ఆ రెండేళ్లలో నోరు తెరవమని అడిగి, చెంప లోపల వేలు పెట్టి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఇప్పుడు వాడికి అన్నం ముద్ద నోట్లో పట్టదు. వేళ్లతో ముద్దను చదును చేసి, పళ్ల సందులోంచి కొంచెం కొంచెంగా లోపలికి తోసుకుంటాడు. మామిడిపండు కొరకలేడు, ఈల వేయలేడు. మా చెల్లెలి పెళ్లిలో బంతిలో కూర్చోలేదు. అందరూ తిని లేచాక వంటపాక వెనక, గోడవైపు తిరిగి తిన్నాడు. అది చూసి అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

దీన్ని డాక్టర్లు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. కొత్తగా వచ్చింది కాదు. 1952లో ష్వార్ట్జ్ అనే ఆయన కెన్యాలో ఉంటున్న ఐదుగురు భారతీయ స్త్రీలలో దీన్ని గుర్తించి రాశాడు. మరుసటి ఏడాదే బొంబాయిలో జోషి అనే డాక్టర్ మన దేశపు రోగుల గురించి రాశాడు. అంటే మీ రాజధానిలో దీని గురించి తెలిసి డెబ్బై ఏళ్లు దాటింది. ఆ తెలివిడి సిరొంచ దాకా ఇంకా రాలేదు.

నోరు ఎందుకు మూసుకుపోతుందో తెలుసుకున్నాక నాకు నిద్ర పట్టలేదు. చెంప లోపలి పొర మెత్తగా, సాగేట్టు ఉంటుంది. దాని అడుగున కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు ఉంటాయి. పాతవి కరుగుతుంటాయి, కొత్తవి అల్లుకుంటుంటాయి. వక్కలోని అరెకోలిన్ అనే రసాయనం ఆ పోగులు అల్లే కణాలను రెచ్చగొడుతుంది. వక్కలో ఉన్న రాగి, పోగుకీ పోగుకీ ముడివేసే ఎంజైమును పెంచుతుంది. వగరునిచ్చే టానిన్లు పాత పోగులను కరగనివ్వవు. అల్లిక పెరిగిపోతుంది, విప్పడం ఆగిపోతుంది. కొన్నాళ్లకు చెంప లోపల తడిమితే వేలికి తాడులా తగులుతుంది. నాలుక బయటికి రాదు, కొండనాలుక ముడుచుకుపోతుంది. దవడ కీలు బాగానే ఉన్నా చెంపలే దాన్ని కట్టేస్తాయి.

ఇందులో అసలు ముద్దాయి వక్క. మా దగ్గర చాలామంది "పొగాకు మానేశాను, ఉత్త సుపారీయే" అని ధైర్యంగా చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఇచ్చిన నివేదిక, పొగాకు కలపని వక్క కూడా మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేల్చింది. కేరళలో ఎర్నాకుళం జిల్లాలో ఈ జబ్బున్న 66 మందిని 17 ఏళ్ల పాటు గమనిస్తే, వారిలో ఐదుగురికి నోటి క్యాన్సర్ వచ్చింది. ఆ ఫలితం 1985లోనే అచ్చయింది.

మీ ప్రభుత్వం 2012లో గుట్కాను నిషేధించింది. అది మంచి పని. కానీ ఖర్రాకు ప్యాకెట్ లేదు, కంపెనీ పేరు లేదు. పాన్ కొట్టు దగ్గర కుర్రాడు వేయించిన వక్క పలుకులు, పొగాకు, సున్నం ఒక పన్నీలో, అంటే ప్లాస్టిక్ కాగితంలో వేసి, చెక్క మీద పెట్టి అరచేత్తో గట్టిగా రుద్దుతాడు. పన్నీ వేడెక్కి, లోపలిది తడి తడిగా నల్లబడేదాకా రుద్ది ముడివేసి ఇస్తాడు. నాట్లకు పోయే ఆడవాళ్లు కొంగున కట్టుకుంటారు, పిల్లలు కంపాస్ పెట్టెలో దాచుకుంటారు. డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ మా జిల్లాలో ముక్తిపథ్ పేరుతో ఖర్రా మాన్పించడానికి ఊరూరా తిరుగుతోంది. వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. అయితే ఇప్పటికే నోరు బిగుసుకుపోయినవాళ్ల సంగతి ఏమిటి?

అయ్యా, ఈ జబ్బును పట్టుకోవడానికి మిషను అక్కర్లేదు. ఎవరి మూడు వేళ్లు వాళ్లు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు, ఒకదాని మీద ఒకటి ఉండేలా నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టుకోవాలి. మామూలుగా పెద్దవాళ్ల నోరు 40 మిల్లీమీటర్లకు పైనే తెరుచుకుంటుంది కాబట్టి మూడూ పడతాయి. పోయిన ఏడాది మా ఎనిమిదో తరగతిలో ఇది చేయించాను. పిల్లలకు ఆటలా ఉంది, నవ్వుతూ చేశారు. చివరి బెంచీలో ఒక అబ్బాయికి మూడో వేలు పోలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. బలంగా తోశాడు. తర్వాత నవ్వడం ఆపేసి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. వాడికి పదమూడేళ్లు.

మా తమ్ముణ్ణి పోయిన ఏడాదే వంతెన దాటించి తెలంగాణలో ఒక దంతవైద్యుడికి చూపించాం. మా మహారాష్ట్ర ఆరోగ్య పథకం కార్డు అక్కడ చెల్లలేదు, డబ్బు చేతి నుంచే పెట్టుకున్నాం. బిగుసుకున్న చెంపలు వదులు కావడానికి వాటిలోకి వారం వారం స్టెరాయిడ్, హయలురోనిడేజ్ సూదులు వేయించుకోవాలన్నారు. కూలి పోగొట్టుకుని ప్రతివారం పోలేక నాలుగు సూదులతో ఆపేశాడు. నాగపూర్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఉంది. కానీ మాకు జిల్లా కేంద్రమే రెండు వందల కిలోమీటర్లు, నాగపూర్ దానికి అవతల. మరీ ముదిరితే ఆపరేషన్ చేసి చెంప లోపలి ఆ తాళ్లలాంటి పట్టీలను కోసి, చెంపలోని కొవ్వునే జరిపి ఆ చోట కప్పుతారు. అది చేసినా రోజూ వ్యాయామం చేయకపోతే నోరు మళ్లీ బిగుసుకుంటుంది. పాత చెంపను పూర్తిగా తిరిగి తెచ్చే మందు ఇంతవరకూ రాలేదు. అందుకే తొందరగా పట్టుకోవాలని ఇంతగా అడుగుతున్నాను.

వ్యాయామం మాత్రం ఇంట్లోనే చేయొచ్చు. ఐస్‌క్రీమ్ పుల్లలను దొంతిగా పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని ఉంచాలి, నోరు అలవాటు పడ్డాక మధ్యలోకి ఇంకో పుల్ల దూర్చాలి. మొదలుపెట్టిన రోజు మా తమ్ముడికి తొమ్మిది పుల్లలు పట్టాయి. ఖర్రా మానేసి ఏడు నెలలు చేస్తే పదమూడుకు వచ్చాడు. నాలుగు పుల్లలంటే ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటుందేమో. ఆ ఎనిమిది మిల్లీమీటర్లతో ఇప్పుడు ఇడ్లీ చెంచాతో తినగలుగుతున్నాడు. ఈ పుల్లల సంగతి ఆ మొదటి రెండేళ్లలో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని రోజూ అనుకుంటాను.

మా ఆశా అక్కలు నింపే ఫారంలో "నోరు తెరవడం కష్టంగా ఉందా" అనే ప్రశ్న ఉంది. అది ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు. మా దగ్గర ముప్పై వచ్చేసరికి ఖర్రాకు పదిహేనేళ్లు నిండుతాయి. ఆ ప్రశ్నను మా తాలూకాలో పన్నెండేళ్ల నుంచే అడిగించండి. అడిగి వదిలేయకుండా మూడు వేళ్లు పెట్టించి చూడమనండి. బాల ఆరోగ్య కార్యక్రమం జట్టు ఏడాదికోసారి బడికి వచ్చి పిల్లల బరువు, కళ్లు, పళ్లు చూస్తుంది. పళ్లు చూసేటప్పుడు నోరు ఎంత తెరుచుకుందో కూడా స్కేలు పెట్టి కొలిచి కార్డులో రాస్తే చాలు. దానికి అర నిమిషం పడుతుంది. అలా పట్టుకున్నవాళ్లను పంపడానికి ఒక చోటు కావాలి. సిరొంచ గ్రామీణ ఆసుపత్రిలో వారానికి ఒక రోజు ఈ జబ్బుకే కేటాయించండి. సూదులు వేసే దంతవైద్యుడు, వ్యాయామం తెలుగులో నేర్పే మనిషి, ఇద్దరూ ఆ రోజు ఉండాలి. మరాఠీలో చెబితే మా అమ్మలాంటివాళ్లు తలూపి ఇంటికి వచ్చేస్తారు, ఒక్క ముక్క అర్థం కాదు. వరంగల్ వైపు ఆసుపత్రుల్లో మన పథకం కార్డు చెల్లేలా తెలంగాణ ప్రభుత్వంతో మీరు ఒక మాట మాట్లాడితే, ఆపరేషన్ అవసరమైనవాళ్లు వంతెన దాటి వైద్యం చేయించుకుంటారు.

జూన్ ఆఖర్లో బడులు తెరుస్తారు. జట్టు మా బడికి ఏ రోజు వస్తుందో ముందుగా చెప్పించండి. ఆ ఉదయం పిల్లలందరి చేతులూ సబ్బుతో కడిగించి, వరండాలో వరుసగా నిలబెడతాను.

ఇట్లు,
సిరొంచ తాలూకా నుంచి
ఒక జిల్లా పరిషత్ బడి ఉపాధ్యాయురాలు