శీర్షికలోనే ‘చిట్టెలుకల్లో’ అని రాయండి

సంపాదకులకు నమస్కారం.

మా తోడల్లుడిది ఉప్పల్. అరవై దాటాయి, బీపీ మాత్ర వేసుకుంటాడు. పోయిన నెల మా ఇంటికొచ్చి సంచిలోంచి టౌరిన్ క్యాప్సూళ్ల డబ్బా తీసి ముందు పెట్టాడు. టౌరిన్ అంటే మాంసం, చేపల్లో ఉండే, మన ఒంట్లోనూ తయారయ్యే ఒక పదార్థం. “అన్నా, నువ్వు జిందగంతా ఎలుకలతోనే ఉన్నవ్ గదా. ఇది తింటే ఆయుష్షు పెరుగుతదని పేపర్ల వచ్చింది. మంచిదేనా?” అన్నాడు. జేబులో మడిచి పెట్టుకున్న మీ పేపరు ముక్క కూడా చూపించాడు. శీర్షికలో ఎలుక ఊసే లేదు. చివరి పేరాలో ఒక్కచోట ఉంది.

నేను ఈ నగరంలోనే ఒక పరిశోధనశాల జంతుశాలలో 29 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పొద్దున్నే కేజ్‌లలో ఊక మార్చడం, నీళ్ల సీసాలు నింపడం, ఒక్కొక్క చిట్టెలుకనూ త్రాసులో పెట్టి బరువు రాయడం నా పని. 25 గ్రాములు, 30 గ్రాములు. దాని గుండె నిమిషానికి 500 సార్లకు పైనే కొట్టుకుంటుంది. ఎంత బాగా చూసుకున్నా రెండు మూడేళ్లే బతుకు. పుట్టిన దగ్గర్నుంచి ఒకే రకం దాణా, అదే గది, అదే చల్లదనం. మన బతుకు అలా ఉండదు కదా.

ఆ పరిశోధన అబద్ధమని నేననడం లేదు. 2023 జూన్‌లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 14 నెలల వయసు చిట్టెలుకలకు రోజూ, కిలో బరువుకు 1000 మిల్లీగ్రాముల లెక్కన టౌరిన్ ఇచ్చారు. గుంపులో సగం చనిపోయేదాకా పట్టే కాలం మగవాటిలో దాదాపు 10 శాతం, ఆడవాటిలో 12 శాతం పెరిగింది. ఎముకలు, కండరాలు కూడా మెరుగయ్యాయి. జంతువులను వాటి ఆఖరి రోజుదాకా సాకి లెక్క రాయడం ఎంత ఓపికతో కూడిన పనో నాకు తెలుసు. ఆ శ్రమ మీద నాకు గౌరవమే.

కానీ చిట్టెలుక మోతాదును మనిషికి మార్చాలంటే మామూలుగా 12తో భాగిస్తారు. అలా చూసినా 70 కిలోల మనిషికి రోజుకు ఆరు గ్రాముల దరిదాపుల్లో తేలుతుంది. మావాడి క్యాప్సూల్ అర గ్రాము. ఆరు గ్రాములకు సరిపడా మింగినా మనిషి ఆయుష్షు పెరుగుతుందని ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు. పైగా టౌరిన్ బీపీని కొంత తగ్గిస్తుందని మనుషుల మీద చేసిన చిన్న పరీక్షల్లో కనబడింది. తను బీపీ మాత్రతో పాటు ఇదీ వేసుకుంటూ డాక్టరుకు చెప్పనేలేదు. నాకు భయం వేసింది అక్కడే.

వయసుతో పాటు రక్తంలో టౌరిన్ తగ్గుతుందన్నది ఆ పరిశోధనకు ఆధారం. 2025లో అదే ‘సైన్స్’లో అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్తలు మనుషుల్లో, కోతుల్లో, చిట్టెలుకల్లో చూసి, అలా తగ్గడం లేదని, చాలావాటిలో పెరుగుతోందని కూడా రాశారు. ఆ వార్త నాకు మీ పత్రికలో కనబడలేదు. పసుపులోని కర్క్యుమిన్ సంగతీ అంతే. అమెరికాలో మూడు ల్యాబ్‌లలో ఒకేసారి చిట్టెలుకలకు పెట్టి చూస్తే ఆయుష్షు పెరగలేదు. ఆ ఫలితం వచ్చి పదేళ్లు దాటింది. మందుల షాపుల్లో కర్క్యుమిన్ సీసాలు మాత్రం వరసగా ఉన్నాయి.

కాబట్టి నా విన్నపం ఇది. ఎలుకల మీద జరిగినదైతే ఆ మాట శీర్షికలోనే పెట్టండి. చిట్టెలుకో, పెద్ద ఎలుకో కూడా చెప్పండి, రెండూ ఒకటి కావు. ఎంత మోతాదు, ఎన్ని నెలలు ఇచ్చారో రాయండి. పని చేయలేదని తేలితే దానికీ అంతే చోటివ్వండి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, హబ్సిగూడలో కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. అచ్చు వేసేముందు అక్కడివాళ్లకు ఒక్క ఫోన్ చేసి అడగండి.

మావాడిని సోమవారం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను. డబ్బా, ఆ పేపరు ముక్క రెండూ వెంట తెచ్చుకోమన్నాను.

ఇట్లు,
విశ్రాంత జంతుశాల టెక్నీషియన్,
నాచారం, హైదరాబాద్