రెండు సూదులకీ ఒకే సలహానా?

సంపాదకుడు గారికి,

సీజన్ మారేముందు వేయించుకోవలసిన టీకాల గురించి మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన సలహా చదివాను. ఫ్లూ టీకా, కోవిడ్ బూస్టర్ రెండూ వేయించుకోండి, సందేహం ఉంటే డాక్టర్ని అడగండి అని నాలుగు ముక్కల్లో తేల్చేశారు. ఆ పేజీ పట్టుకుని మా ఇంట్లో రెండు రోజులు వాదన నడిచింది. మా అమ్మకి 74 ఏళ్లు, షుగర్ ఉంది. నాకు 46, చెప్పుకోదగ్గ జబ్బులు లేవు, నాలుగు నెలల క్రితమే కోవిడ్ వచ్చి తగ్గింది. మా మరదలికి ఆరో నెల. ఈ ముగ్గురికీ మీరు చెప్పింది ఒక్కటే మాట.

అడగమన్నారు కదా అని డాక్టర్ని కూడా అడిగాను. ఆయన గుమ్మం బయట ఉన్న జనాన్ని ఒకసారి చూసి, "వేసుకుంటే మంచిదే, వేసుకోకపోయినా పర్లేదు" అన్నారు. ఆ మాటకి ఫీజు కట్టి ఇంటికొచ్చాను.

నా పేచీ టీకాలతో కాదు. రెండింటినీ ముడివేసి ఒకే సలహాగా ఇవ్వడంతోనే.

ఫ్లూ వైరస్ ఏటా కొద్దికొద్దిగా రూపు మార్చుకుంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి రాబోయే సీజన్ టీకాలో ఏయే రకాలు ఉండాలో చెబుతుంది. తయారీకి నెలలు పడుతుంది కాబట్టి అది ముందుగా వేసే అంచనా. అంచనా బాగా కుదిరిన ఏడాది కూడా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సినంత ఫ్లూని ఈ టీకా 40 నుంచి 60 శాతం వరకే తగ్గిస్తుంది. ఇది వినగానే మా తమ్ముడు "సగమేగా, దానికి సూది ఎందుకు?" అన్నాడు. పాతికేళ్ల కుర్రాడికి ఫ్లూ అంటే మహా అయితే వారం మంచాన పడటం. షుగరో గుండెజబ్బో ఉన్న పెద్దవాళ్లకి అదే న్యుమోనియా దాకా పోవచ్చు. ఫ్లూ అని తేలాక మొదటి వారంలో గుండెపోటు ముప్పు దాదాపు ఆరు రెట్లు ఉంటుందని 2018లో వెలువడిన కెనడా అధ్యయనం ఒకటి చెప్పింది. అలాంటి మనిషికి ఫ్లూ వచ్చే అవకాశం సగానికి తగ్గడం చిన్న విషయమా?

మరదలి సంగతి ఇంకో రకం. సూది వేయించుకుంటే ఫ్లూ వస్తుందని ఎవరో చెబితే బెదిరిపోయింది. చేతికి వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒళ్లు నొప్పులు, కాస్త జ్వరం ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. ముక్కులో కొట్టే రకంలో మాత్రం బలహీనపరిచిన వైరస్ ఉంటుంది, దాన్ని గర్భిణులకు ఇవ్వరు. అసలు విషయం వేరే ఉంది. ఆరు నెలలు నిండని పసిపిల్లలకి ఫ్లూ టీకా వేయరు. కడుపులో ఉండగా తల్లి నుంచి అందే యాంటీబాడీలే వాళ్లకి కాపు. ఈ ఒక్క వాక్యం మీ పేజీలో ఉండి ఉంటే ఆమెకి అంత టెన్షన్ ఉండేది కాదు.

కోవిడ్ దగ్గరికొస్తే లెక్కే మారిపోతుంది. 2021 మొదట్లో చాలామంది ఒంటికి ఆ వైరస్ కొత్త. ఇప్పుడు టీకా వల్లో, జబ్బు వల్లో, రెండింటి వల్లో దాదాపు అందరికీ ఎంతో కొంత రక్షణ ఉంది. బూస్టర్ ఇచ్చేది దాని మీద కొసరు. ఇన్ఫెక్షన్‌ని ఆపే బలం కొన్ని నెలల్లోనే పలచబడుతుంది, ఆస్పత్రి పాలు కాకుండా కాసే బలం ఇంకొంత కాలం నిలుస్తుంది. అమ్మ వయసులో ఆ కొసరు విలువైనది. మొన్ననే జబ్బు చేసి లేచిన నాబోటివాడికి దాంతో ఒరిగేది తక్కువ.

ఏ వయసు నుంచి వేయాలన్న దానిమీద దేశాలకే ఒక మాట లేదు. బ్రిటన్ 2024 శరదృతువులో 65 దాటినవాళ్లకి బూస్టర్ ఇచ్చింది. 2025లో 75 దాటినవాళ్లకి, వృద్ధాశ్రమాల్లోని పెద్దలకి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకి పరిమితం చేసింది. ఫ్లూ టీకా మాత్రం అక్కడ వయసు లెక్కన 65 నుంచే ఇచ్చారు. అమెరికా 2025లో కొత్త బూస్టర్లకి 65 దాటినవాళ్లకి, అంతకన్నా చిన్నవాళ్లలో ముప్పు పెంచే జబ్బులున్నవాళ్లకి అనుమతినిచ్చింది. అంటే ఒక్క ఏడాది తేడాతో మా అమ్మ ఒక దేశం లెక్కలో ఉంది, ఇంకో దేశం లెక్కలో లేదు. నిపుణులే ఇంత తర్జనభర్జన పడే చోట మీ పేజీకి ఆ నిబ్బరం ఎక్కడిదో నాకు తెలియలేదు.

చెడు కబురు కూడా మీరే చెప్పాలి. ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ రకం (ఫైజర్, మోడెర్నా లాంటి) కోవిడ్ టీకాల తర్వాత, ముఖ్యంగా యువకుల్లో, అరుదుగా గుండె కండరానికి వాపు వచ్చిన మాట నిజం. మీరు వదిలేస్తే అదే సంగతిని ఫోన్లలో తిరిగే మెసేజీలు పదింతలు చేసి చెబుతాయి, చెబుతున్నాయి కూడా.

చివరికి మా ఇంట్లో తేలింది ఇదీ: అమ్మ రెండూ ఒకే రోజు, చెరో చేతికి వేయించుకుంది. అలా వేయించుకోవచ్చు, దానికీ మేం వెతుక్కోవలసి వచ్చింది. మరదలు ఫ్లూ టీకా వేయించుకుంది, బూస్టర్ సంగతి తన కాన్పు డాక్టరమ్మని అడుగుతానంది. అమ్మతో ఒకే ఇంట్లో ఉంటున్నాను కాబట్టి నేనూ ఫ్లూ సూది వేయించుకున్నాను, బూస్టర్ ఈసారికి వదిలేశాను. తమ్ముడు ఇంకా ఆలోచిస్తున్నాడు.

వచ్చే సీజన్‌లో ఈ పేజీ వేసేటప్పుడు రెండు టీకాలకీ వేరువేరు పెట్టెలు కట్టండి. వయసు, ఉన్న జబ్బులు, గర్భం, కిందటి డోసు లేదా కిందటి కోవిడ్ ఎప్పుడన్నది చూసుకుని ఎవరి సంగతి వాళ్లు తేల్చుకునేలా రాయండి. టీకా పనిచేయడం మొదలవడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి, ఆ పేజీని దగ్గులూ జ్వరాలూ మొదలయ్యాక కాకుండా కాస్త ముందే వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు