రేవాడి ప్రయాణం గురించి

మహబూబ్‌నగర్,
నవంబరు 12.

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జమ్మకు మీ నాయన ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. అక్కడ అల్లుడుగారు, బాబు, నీవు క్షేమమని తలుస్తాను.

గురుగ్రామ్‌కు రమ్మని నువ్వు ఫోను చేసినప్పుడు, బాబుకు రైలు మ్యూజియం కూడా చూపిద్దామన్నావు. ఆ సంగతి ఆఫీసు హడావిడిలో ఉన్న నీతో ఫోనులో తేలేది కాదు కనుక కాగితం మీద పెడుతున్నాను.

నీ మనసులో ఉన్నది చాణక్యపురిలో 1977లో తెరిచిన జాతీయ రైలు మ్యూజియం అయి ఉంటుంది. అదీ చూడదగ్గదే, సోమవారం మాత్రం సెలవు. అయితే నా కోరిక మీకు 50 కిలోమీటర్ల దూరంలోనే ఉన్న రేవాడి. అక్కడ 1893లో కట్టిన లోకో షెడ్డునే ఆవిరి ఇంజన్ల మ్యూజియంగా నిలబెట్టారు. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1873లో, ఢిల్లీ నుంచి రేవాడికి వేసిన దారే మన దేశంలో మొదటి మీటరు గేజి లైను. మన ఊరి మీదుగా పోయేదీ ఒకప్పుడు మీటరు గేజే. పట్టాల మధ్య ఎడం 1000 మిల్లీమీటర్లు. ఇప్పటి బ్రాడ్‌గేజి 1676.

1968 కృష్ణా పుష్కరాలకు మా అవ్వ నన్ను ఆ బండిలోనే గద్వాలకు తీసుకుపోయింది. దేవరకద్ర దాటాక, వద్దన్నా వినకుండా కిటికీలోంచి తల బయట పెట్టాను. ఇంజను నుంచి ఎగిరివచ్చిన నిప్పురవ్వ కొత్త చొక్కా భుజం మీద పడి సెనగగింజంత కంత చేసింది. అవ్వ తిట్టలేదు గానీ, తిరిగి ఇల్లు చేరేదాకా ఆ కంత మీద అరచెయ్యి పెట్టుకునే కూర్చున్నాను. ఆ ఇంజన్ల జాతివి, వైపీ, వైజీ అనేవి, రేవాడిలో ఇంకా ఉన్నాయి. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్, చిత్తరంజన్‌లో తయారైన అక్బర్ అనే బ్రాడ్‌గేజి ఇంజనూ అక్కడివే. అక్బర్ ముందుభాగం బోర్లించిన గంగాళంలా గుండ్రంగా ఉంటుంది. బాబుకు నచ్చేది అదే అనుకుంటాను.

ఇక అసలు మాట. చల్లారిన ఇంజనును చూడటానికి ఇంత దూరం రానక్కరలేదు. అలాంటిది అద్దాల వెనక ఎక్కడైనా ఉంటుంది. ఇంజను వెలిగించే రోజు ఏదో ముందుగా అక్కడివారినే అడిగి, దానిని బట్టి తేదీ నిర్ణయించు. బొగ్గు రాజేసిన తరువాత బాయిలరులో నీళ్లు కాగి చాలినంత ఆవిరి పుట్టడానికి చాలా గంటలు పడుతుంది కనుక, ఇంజను బయలుదేరే వేళకు కాక, వీలైతే వెలిగించే వేళకే వెళ్దాం. ఫైర్‌మన్ పార తిప్పి బొగ్గును మంట నాలుగు మూలలా సమానంగా పరచడం, గాజు గొట్టంలో నీటి మట్టం తగ్గకుండా కనిపెట్టుకుని ఉండటం, సేఫ్టీ వాల్వు ఒక్కసారిగా బుస్సుమనడం బాబు దగ్గరుండి చూడాలి. వాడి బొమ్మ రైలుకు ఇవేవీ ఉండవు మరి.

డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచుకు ఉత్తరాది బండ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. మీ అమ్మ మోకాళ్లు ఆ చలిని ఓర్వవు కూడా. ఫిబ్రవరి మూడో వారం అయితే అన్ని విధాలా బాగుంటుంది. మేము ఇక్కడి నుంచి కాచిగూడకు వచ్చి, ఆ రాత్రి మీ పిన్ని ఇంట్లో ఉండి, తెల్లవారి నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాము. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి డిసెంబరు రెండో వారంలోగా తేదీ తెలియజేస్తే, మీ అమ్మకు కింది బెర్తు దొరుకుతుంది. మథుర కూడా చూపిస్తేనే రేవాడికి వస్తానని ఆమె షరతు పెట్టింది. దానికి ఒక రోజు విడిగా ఉంచు.

బాబుకు ఆ రోజు పాత చొక్కా వెయ్యి.

ఇట్లు,
మీ నాయన